కాటుకు ముందు బుస: కోరమండల్ తీరంలో పామూ మనిషీ

ముత్తియాల్‌పేట పుదుచ్చేరి పట్టణానికి ఉత్తరపు కొస. పాత ఫ్రెంచి పట్టణం హద్దు దాటి ఈ పేట మీదుగా ఉత్తరానికి సాగే దారి కొట్టకుప్పం, మరక్కాణం ఉప్పుమడులు, మామల్లపురం, వడనెమ్మేలి దాటి చెన్నై చేరుతుంది. తూర్పున సముద్రం, పడమట ఎర్రమట్టి దిబ్బలు, వాటి వెనుక చెరువుల కింద వరిచేలు. ఎలుక, కప్ప, పుట్ట, పొద, తడి అన్నీ ఉన్న నేల కనుక పాములూ ఉన్నాయి. తిండీ నీడా దొరికే నేల కనుక మనుషులూ ఉన్నారు. ఈ రెండు ప్రాణులూ ఎదురుపడినప్పుడు ఏం జరుగుతుందన్నది ఈ తీరానికి పాత ప్రశ్న. దానికి జవాబు వెతికిన చరిత్ర కూడా చాలావరకు ఈ తీరంలోనే, విశాఖపట్నానికీ పుదుచ్చేరికీ మధ్యనే నడిచింది. ఆ చరిత్రను వరుసగా చూస్తే ఒక్క విషయం తేటపడుతుంది. పాము కాటు చాలావరకు దాడి కాదు, ప్రమాదం. పామును శత్రువుగా ఎంచి చంపబూనిన ప్రతిసారీ మనుషుల చావులు తగ్గలేదు. దాని నడవడిని చూసి నేర్చుకున్నచోటే మందూ దొరికింది, జాగ్రత్తా అలవడింది. మరణాలు తగ్గాలంటే మనం మొదట నేర్వవలసింది పాము ఎప్పుడు, ఎందుకు కరుస్తుందన్నదే.

1781లో ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు విశాఖపట్నం వచ్చాడు. అంతకుముందు అలెప్పోలో ప్లేగును చూసినవాడు. 1785లో ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడు కోనిగ్ చనిపోయాక, కంపెనీ రస్సెల్‌ను కర్నాటిక్ తీర ప్రాంతానికి ఆ పదవిలో నియమించింది. పాము కరిచి జనం చనిపోతుంటే, కరిచింది విషపు పామో కాదో తేల్చుకునే దారి లేదని ఆయన గమనించాడు. ఊరివాళ్లు తెచ్చిన పాములను ఒక్కొక్కటే పరీక్షించి, బొమ్మలు గీయించి, స్థానికుల నోట విన్న పేర్లే వాటి పక్కన రాశాడు. 1796లో లండన్‌లో అచ్చయిన కోరమండల్ పాముల గ్రంథంలో తెలుగు పేర్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. మనం రక్తపింజర అనే పామును ఆయన ‘కాటుక రేకుల పొడ’ అని రాసుకున్నాడు. ప్రాణాంతకత్వంలో త్రాచు తర్వాత దానినే నిలబెట్టాడు. మరుసటి సంవత్సరమే ఆ పాముకు రస్సెల్ పేరు మీద శాస్త్రనామం వచ్చింది. పుదుచ్చేరికి వాయవ్యంలో ఉన్న ఆరణి నుంచి ఆయనకు అందిన చిన్నపింజరకు 1801లో జర్మనీలో ష్నైడర్ అనే పండితుడు శాస్త్రనామం పెట్టాడు. పరీక్షించిన నలభై పైచిలుకు రకాల్లో విషకోరలున్నవి కొద్దిపాటివేనని రస్సెల్ తేల్చడం ఆ రోజుల్లో పెద్ద మాట. పాము పేరెత్తితే చావే అనుకునే భయానికి అది మొదటి శాస్త్రీయమైన దెబ్బ.

రస్సెల్ చేసిన మరో పని కూడా గుర్తుపెట్టుకోదగ్గది. తంజావూరు మాత్రలని అప్పట్లో ఒక పాముకాటు మందు పేరుమోసింది. అందులో తెల్ల పాషాణం ఉండేది. మద్రాసు ప్రభుత్వం కూడా ఆ మందును నమ్మి ప్రచారం చేసింది. రస్సెల్ కుక్కల మీద, కోళ్ల మీద విషాన్ని పరీక్షించి చూసి, ఆ మాత్రల గొప్ప నమ్మదగ్గది కాదన్న నిర్ణయానికి వచ్చాడు. ఇంత జాగ్రత్తపరుడైన పరిశీలకుడికి కూడా ఒక హద్దు ఉంది. ఆయన ముందుకు వచ్చిన పాములు చాలావరకు పట్టి తెచ్చినవో చచ్చినవో. పొట్ట కింది పొలుసులు లెక్కపెట్టవచ్చు, కోరలు చూడవచ్చు, రంగులు గీయవచ్చు. గడ్డిలో నడిచే మనిషి అడుగు పక్కన పడినప్పుడు అదే పాము ఏం చేస్తుందో బల్ల మీద పరిచిన చర్మం చెప్పలేదు. ఆ కాలపు ఫ్రెంచి పండితుల పనీ అలాగే సాగింది. పారిస్‌లో దోదాఁ 1803లో కట్లపాముల జాతికి పేరు పెట్టింది రస్సెల్ బొమ్మల ఆధారంగానే. 1829లో కువియే ఒక తొండకు పుదుచ్చేరి పేరు కలిపి నామకరణం చేసింది కూడా పారిస్‌లో ఉండే. పేర్ల శాస్త్రం వేగంగా పెరిగింది, నడవడి శాస్త్రం మాత్రం వెనకబడింది. ఆ లోటు తర్వాతి వందేళ్ల పొరపాట్లన్నింటికీ మూలం.

నడవడి మాటకొస్తే ఈ తీరంలో మనుషులను చంపే నాలుగు పాముల్లో మూడు కాటుకు ముందే హెచ్చరిస్తాయి. త్రాచు లేచి పడగ విప్పుతుంది, బుస కొడుతుంది, చాలాసార్లు నోరు మూసుకునే ముందుకు తూలి బెదిరిస్తుంది. రక్తపింజర చుట్టచుట్టుకుని, ఒళ్లంతా గాలితో ఉబ్బించి, దూరానికి వినిపించేలా బుస కొడుతుంది. చిన్నపింజర బుసకు బదులు తన గరుకు పొలుసులనే ఒకదానితో ఒకటి రాపాడించి, రంపం కోస్తున్నట్టు చప్పుడు చేస్తుంది. ఈ మూడూ వేటకు పనికొచ్చే చేష్టలు కావు. ఎలుకను పట్టబోయే పాము తన ఉనికిని చాటుకోదు. చాటుకుంటోందంటే అది తిండి కోసం కాదు, తనకంటే ఎన్నో రెట్లు పెద్దదైన ప్రాణిని దూరం పెట్టడం కోసం. విషం తయారీకి పాము ఒంటికి ఖర్చుంది, ఆ విషం దాని తిండికి అక్కర. మింగలేని మనిషి మీద దాన్ని వెచ్చించడం పాముకు నష్టం. కరిచి కూడా విషం దించని కాట్లు వైద్యులకు తరచూ ఎదురవుతాయి.

ఇదే సూత్రాన్ని ఇంకా స్పష్టంగా చూపించే పాము మన దేశంలో లేదు, అమెరికా ఖండాల్లో ఉంది. అక్కడి గిలకపాము తోక కొసన పొరలు పొరలుగా పేరుకున్న గిలకను ఆడించి చప్పుడు చేస్తుంది. 1775 చివర ఫిలడెల్ఫియా పత్రికలో మారుపేరుతో ఒక వ్యాసం వచ్చింది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ రాసినదిగా భావించే ఆ వ్యాసం, హెచ్చరించకుండా గాయపరచని పాముగా గిలకపామును మెచ్చుకుని, దానిని కొత్త దేశానికి గుర్తుగా తీసుకోవచ్చంది. అప్పటి పొగడ్తకు తగిన కొలత 2021లో దొరికింది. మనిషి దూరంగా ఉన్నప్పుడు గిలక సెకనుకు నలభై సార్ల లోపే ఆడుతుందనీ, దగ్గరికి రాగానే ఒక్కసారిగా అరవై నుంచి వందకు దూకుతుందనీ, ఆ మార్పు విన్నవాడికి పాము నిజంగా ఉన్నదానికంటే దగ్గరగా ఉన్నట్టు తోస్తుందనీ ఆస్ట్రియాలోని పరిశోధకులు చూపించారు. అంటే మనిషి అడుగును కాస్త ముందే ఆపడం ఆ చప్పుడు చేసే పని. అదే గిలకపాము చాలాసార్లు చప్పుడే చేయదు. రంగు కలిసిన నేల మీద కదలకుండా పడి ఉండి, మనిషి దాటిపోయే దాకా ఆగుతుంది. ఇంకో అమెరికా పాము కాటన్‌మౌత్ మీద విట్ గిబన్స్, మైకేల్ డోర్కాస్ 2002లో ప్రచురించిన పరీక్ష ఇంకా తేట. చిత్తడి నేలల్లో ఆ పాముల పక్కన నిలబడి, మీద కాలు మోపి, చివరికి కృత్రిమ చేత్తో ఎత్తి చూశారు. సగం దాకా తప్పించుకోబోయాయి, ఎక్కువ పాములు బెదిరించాయి. చేత్తో ఎత్తినప్పుడు కూడా కరిచినవి సుమారు మూడో వంతే. తొక్కినా ఎత్తినా కూడా కాటే మొదటి మాట కాదని ఆ పరీక్ష తేల్చింది.

మన దేశంలో పాలకులు మాత్రం దీనికి ఎదురు దారి పట్టారు. కలకత్తాలో వైద్యుడు జోసెఫ్ ఫేరర్ 1872లో భారతదేశపు విషసర్పాల మీద పెద్ద గ్రంథం వేసి, పాముకాటు మరణాల లెక్కలు బయటపెట్టాడు. ఆ తర్వాత ప్రభుత్వం చచ్చిన పాముకు ఇంతని బహుమతులు ఇచ్చింది. 1880 దశకం మొదట్లో ఏటా రెండు లక్షలకు పైగా పాములు చంపబడ్డాయి. అదే కాలంలో మనుషుల మరణాలు ఏటా పంతొమ్మిది వేల చుట్టూ ఉండగా, శతాబ్దం చివరికి ఇరవై వేలు దాటాయి. లక్షల్లో చంపినా లెక్క కిందికి దిగలేదు. లెక్క రాయడం మెరుగుపడింది కనుక సంఖ్య పెరిగినట్టు కనపడిందేమోనని ఎవరైనా అడగవచ్చు. కొంత నిజమే. కాని అంతటి హత్యాకాండ నిజంగా పనిచేసి ఉంటే, రాత ఎంత మెరుగుపడినా తగ్గుదల ఎక్కడో ఒకచోట కనపడాలి. కనపడకపోవడానికి కారణం నడవడిలోనే ఉంది. బహుమతి కోసం చంపేవాడికి పగటిపూట సులువుగా దొరికేది జెర్రిపోతు, నీరుకట్టె వంటి విషం లేని పాము. మనిషిని కరిచేది రాత్రి చీకట్లో కాలికింద పడే పాము. పైగా జెర్రిపోతు పోతే ఎలుకలు పెరుగుతాయి, ఎలుకల వెంట త్రాచు, రక్తపింజర ఇళ్ల దగ్గరికే వస్తాయి.

మందు కథ వేరుగా నడిచింది. అది ఫ్రెంచి పాలనలోని మరో తీరంలో మొదలైంది. 1891లో సైగాన్‌లో పాశ్చర్ సంస్థను నెలకొల్పిన ఆల్బర్ట్ కాల్మెట్, త్రాచు విషాన్ని కొద్దికొద్దిగా ఎక్కించిన జంతువు రక్తరసంలో ఆ విషానికి విరుగుడు పుడుతుందని 1894లో ప్రకటించాడు. అదే సమయంలో పారిస్‌లో ఫిసాలిక్స్, బెర్‌ట్రాన్ కూడా ఇదే చూపించారు. ఒక్క రసం అన్ని పాములకూ పనికొస్తుందని కాల్మెట్ నమ్మాడు. ఆ నమ్మకం భారతదేశంలో నిలవలేదు. ఇక్కడి వైద్యాధికారి జార్జి లాంబ్ చేసిన పరీక్షల్లో త్రాచు విరుగుడు రక్తపింజర విషాన్ని ఆపలేకపోయింది. ఏ పాము విషానికి ఆ పాము విషంతోనే విరుగుడు చేయాలని తేలింది. నేటికీ మన ఆసుపత్రుల్లో ఇచ్చే మందు త్రాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలు నాలుగూ గుర్రాలకు ఎక్కించి తీసినదే. ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఆ మందుకు చచ్చిన పాము పనికిరాదు. బతికున్న పామును బెదరనివ్వకుండా పట్టుకుని, విషం తీసి, మళ్లీ బతకనివ్వగలిగిన మనిషి కావాలి. పొలుసులు లెక్కపెట్టిన పండితుల చేత కాని పని అది.

ఆ మనిషి ముత్తియాల్‌పేట నుంచి చెన్నై వెళ్లే తీరం దారి మీదే దొరికాడు. చెంగల్పట్టు, విల్లుపురం ప్రాంతాల ఇరుళర్లు తరతరాలుగా పాములు పట్టే జనం. నెల్లూరు, చిత్తూరు వైపు మన యానాదులకు ఉన్న నేర్పు లాంటిదే వారిది. స్వాతంత్ర్యం వచ్చాక వారి బతుకు చర్మాల వ్యాపారం మీద నిలిచింది. యూరప్ ఫ్యాషన్ కోసం పాముల చర్మాలు లక్షల్లో ఎగుమతి అయ్యాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1976లో చర్మాల ఎగుమతి ఆగింది, ఇరుళర్ల చేతికి పని లేకుండా పోయింది. అప్పుడు పాముల నిపుణుడు రోములస్ విటేకర్ చొరవతో 1978లో ఇరుళర్ పాములు పట్టేవారి సహకార సంఘం ఏర్పడి, మామల్లపురం దగ్గర వడనెమ్మేలిలో నిలదొక్కుకుంది. పట్టిన పామును సుమారు మూడు వారాలు కుండలో ఉంచి, కొన్నిసార్లు విషం తీసి, పొట్ట పొలుసు మీద గుర్తు పెట్టి తిరిగి అడవిలో వదిలేస్తారు. దేశంలో విరుగుడు తయారీకి వాడే విషంలో పెద్ద భాగం ఇక్కడి నుంచే పోయింది. ఈ పనిని 2023లో దేశం గుర్తించింది. వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఇద్దరు ఇరుళర్లకు పద్మశ్రీ దక్కింది. వారు పామును పట్టేది బలంతో కాదు. జాడ, రెట్ట, కుబుసం చూసి పొద కింద ఏది ఉందో ముందే తెలుసుకుని, అది ఎటు జరుగుతుందో లెక్కవేసి, బెదరకముందే తోక అందుకుంటారు. నడవడి తెలిసినవాడి చేతిలో త్రాచు కూడా ప్రశాంతంగా ఉంటుందని చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు. చర్మం కోసం చంపిన చేతులే విషం కోసం బతికించాక దేశానికి మందు అందింది.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. పాము అంత వెనకాడే ప్రాణి అయితే మన దేశంలో ఇన్ని మరణాలు ఎందుకు? 2020లో వచ్చిన అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో సుమారు పన్నెండు లక్షల మంది చనిపోయారు. ఏడాదికి సగటున 58,000. ఎక్కువ భారం మోసే రాష్ట్రాల్లో తెలంగాణతో కలిపి లెక్కించిన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. గిలకపాములున్న అమెరికాలో ఏటా ఏడెనిమిది వేల మందికి విషపు కాట్లు పడినా చనిపోయేది ఐదుగురు దాకానే. ఈ తేడా పాముల క్రూరత్వంలో లేదు. మన మరణాల్లో సగం జూన్ నుంచి సెప్టెంబరు వరకు, అంటే నాట్లు, కలుపుల రోజుల్లో జరుగుతాయి. ఎక్కువమంది పల్లెల్లో, ఇళ్ల దగ్గరే ప్రాణం విడుస్తారు. నీళ్లలో మునిగిన మడిలో ఉత్తకాళ్లతో వంగి పనిచేసే కూలీకి రక్తపింజర బుస వినపడినా అడుగు వెనక్కి వేసే చోటు ఉండదు. చీకట్లో దీపం లేకుండా బయటికి వెళ్లిన మనిషికి పడగ కనపడదు. లక్షల ఎదురుపాట్లలో కొద్దిపాటివి తొక్కిడిగా మారినా వేల కాట్లు అవుతాయి. ఆపైన ఆసుపత్రి దూరమైతే కాటు చావు అవుతుంది. హెచ్చరిక ఉంది, దాన్ని వినే వీలు మనిషికి లేదు. పేదరికం తెచ్చే చావులను పాము ఖాతాలో రాయడం అన్యాయం.

రెండో అభ్యంతరం కట్లపాముది. అది పడగ విప్పదు, పెద్దగా బుస కొట్టదు, రాత్రి నేల మీద నిద్రపోయేవారిని కరుస్తుంది, నొప్పి కూడా అంతగా తెలియదు. మరి దానిది ఏ హెచ్చరిక? దానికి హెచ్చరిక లేదన్నది నిజమే. అందుకే పాములన్నిటికీ ఒకే సూత్రం చెప్పడం ప్రమాదం. కాని కట్లపాము కాటు కూడా వేట కాదు. అది ఇంట్లోకి వచ్చేది ఎలుకల కోసం, ఇతర పాముల కోసం. చాప మీద నిద్రలో ఒత్తిగిలిన మనిషి చేయి దాని మీద పడితే కరుస్తుంది. నేపాల్ తెరాయిలో జరిపి 2007లో ప్రచురించిన అధ్యయనంలో దోమతెర కింద పడుకున్నవారికి పాముకాటు ముప్పు బాగా తగ్గినట్టు తేలింది. పరుపు కింద చక్కగా దోపిన ఒక గుడ్డ తెర ఆపగలిగిన ప్రాణిని వెంటాడి చంపే శత్రువని ఎలా అంటాం? రక్తపింజర విషయంలోనూ ఇలాంటి జాగ్రత్తే అవసరం. ఎండుటాకుల్లో కలిసిపోయే రంగును నమ్ముకుని కొన్నిసార్లు అది బుస కొట్టకుండానే ఉంటుంది. ప్రతి పాము నడవడినీ వేరువేరుగా తెలుసుకోవాలన్న వాదనకు ఈ రెండు ఉదాహరణలూ బలమే చేకూరుస్తాయి.

ఇంకొందరు వేరే దిక్కు నుంచి అడుగుతారు. మన పూర్వీకులు పుట్టకు మొక్కారు, నాగులచవితి నాడు పాలు పోశారు, రావిచెట్టు కింద నాగశిలలు నిలిపారు. ఆ భక్తే పాములను కాపాడలేదా, కొత్తగా నేర్వవలసింది ఏముంది? కాపాడిన మాట నిజం. పుట్టను తవ్వకూడదన్న కట్టుబాటు, ఊరి చివర పొదను నరకకూడదన్న ఆన లేకపోతే ఎన్నో ప్రాణులు ఈపాటికి లేకుండా పోయేవి. ఆ భక్తి మీద నాకు గౌరవం ఉంది. కాని భక్తి దూరాన్ని నేర్పితే మంచిది, చికిత్సకు అడ్డు వస్తే ప్రాణం తీస్తుంది. పాము పాలు తాగే ప్రాణి కాదు. పగ పట్టి వెతుక్కుంటూ వచ్చే జ్ఞాపకమూ దానికి లేదు. 2018 ఆగస్టులో వరద నీటితో కృష్ణా జిల్లా దివిసీమలో పాముకాట్లు పెరిగినప్పుడు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరాలయంలో సర్పశాంతి యాగం జరిపారు. భయపడిన జనానికి అది ధైర్యం ఇచ్చి ఉండవచ్చు. కలుగుల్లోకి నీరు చేరితే పాము గట్టెక్కుతుందనీ, గట్టు మీద మనిషి పని చేస్తుంటాడనీ, ఆ వారాల్లో కాలికి బూటు, చేతికి కర్ర, మండల ఆసుపత్రిలో విరుగుడు మందు ఉండాలనీ అదే వేదిక మీద చెప్పి ఉంటే ఆ ధైర్యానికి రక్షణ కూడా తోడయ్యేది. మంత్రగాడి దగ్గర గడిచే మొదటి రెండు మూడు గంటలే చాలా ఇళ్లలో దీపం ఆర్పుతున్నాయి.

పుదుచ్చేరికి ఈ విషయంలో అరుదైన అనుకూలత ఉంది. 1823లో ఫ్రెంచివారు పెట్టిన వైద్య పాఠశాల వారసత్వం నుంచి 1964లో ఎదిగిన జిప్‌మర్ ముత్తియాల్‌పేటకు దగ్గరలోనే గోరిమేడులో ఉంది. చుట్టుపక్కల తమిళ జిల్లాల నుంచి పాముకాటు రోగులు అక్కడికి వస్తారు. మందుకు విషం తీసే ఇరుళర్లు తీరం దారి మీదే ఉన్నారు. ఇదే పాలన కింద ఉన్న తెలుగు యానాం చుట్టూ గోదావరి వరిపొలాలున్నాయి. కేంద్రం 2024 మార్చిలో ప్రకటించిన జాతీయ కార్యాచరణ ప్రణాళిక 2030 నాటికి పాముకాటు మరణాలను సగానికి తగ్గించాలంటోంది. వైద్యం, విషం, ప్రణాళిక మూడూ ఉన్నచోట కరువైంది ఒక్కటే. పాము ఎదురైతే ఏం చేయాలో బడి పిల్లవాడికీ పొలం కూలీకీ చెప్పే అలవాటు.

ఆ చెప్పవలసిన మాటలు ఎక్కువేమీ కావు. బుస వినపడినా పడగ కనపడినా అక్కడే ఆగి, నెమ్మదిగా వెనక్కి అడుగులు వేయండి. పాముకు పారిపోయే దారి వదలండి. రాత్రి దీపం లేకుండా బయట అడుగు పెట్టవద్దు, అడుగు బలంగా వేస్తూ కర్రతో ముందు నేల తట్టండి. నేల మీద పడుకునే ఇంట్లో దోమతెర కట్టి అంచులు లోపలికి దోపండి. ఇంటి చుట్టూ చెత్త, ధాన్యం, ఎలుకలు లేకుండా చూసుకోండి. కరిస్తే కోయవద్దు, పీల్చవద్దు, గట్టిగా కట్టు కట్టవద్దు; కరిచిన చోటు కదలకుండా ఉంచి వెంటనే విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చండి. పామును చంపబోయి రెండో కాటు తినవద్దు. కాటుకు ముందు పాము చాలాసార్లు తన మాట చెబుతుంది. ఆ మాట వినడం నేర్చుకుంటే మన పిల్లలూ బతుకుతారు, మన చేలలో ఎలుకలను అదుపులో ఉంచే ఆ ప్రాణులూ బతుకుతాయి.